బస్తా లెక్క: మిల్లులో పదకొండు రాత్రుల డైరీ

షూటింగుకి వారం ముందు

స్క్రిప్టు నాలుగోసారి తిరగరాయడం ఈరోజుతో అయింది. కథ ఇది. నెల్లిమర్ల దాటి రామతీర్థం వైపు వెళ్తుంటే రోడ్డుకి కాస్త లోపలగా మూతబడిన రైస్ మిల్లు. అక్కడ 1957లో పోయిన గుమాస్తా ఒకాయన దెయ్యమై, ప్రతి రాత్రీ బస్తాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఇప్పుడు అదే మిల్లులో కొందరు రేషన్ బియ్యం దాచి, సంచులు మార్చి, తెల్లవారేలోగా లారీ ఎక్కించేస్తుంటారు. దెయ్యం ఉందని ఊరంతా నమ్ముతుంది కాబట్టి అటు ఎవరూ రారు. వాళ్ళకి అదే కాపలా. కానీ ఒక రాత్రి నలభై బస్తాలు వస్తాయి, మర్నాడు అరవై పోతాయి. పాపం, గుమాస్తా లెక్క ఏ రాత్రీ తెగదు.

దెయ్యం కథ, నవ్వుల కథ, దొంగల కథ, మూడూ ఆ ఒక్క చిట్టా పుస్తకం మీదే నిలబడాలన్నది నా పట్టుదల. భయపెట్టడానికి ఒక సీను, నవ్వించడానికి ఒకటి, పరుగులు పెట్టించడానికి ఇంకొకటి అని విడివిడిగా రాసుకుని అతికిస్తే ఆ అతుకులు తెర మీద కనబడిపోతాయి. బస్తా ఒకటి మాయమైతే దెయ్యానికి బాధ, వాచ్‌మన్‌కి భయం, చూసేవాళ్ళకి నవ్వు, దొంగకి టెన్షన్. నాలుగూ ఒకే క్షణంలో పుట్టాలి.

మొదటి డ్రాఫ్టులో చిల్లంగి, అంటే చేతబడి, చేస్తుందని ఊరు అనుమానించే ముసలమ్మ ఒకావిడ ఉండేది. నవ్వు కోసమే రాశాను. రెండో డ్రాఫ్టులోనే ఆ పాత్రని పూర్తిగా తీసేశాను. మన ఏజెన్సీ ఊళ్ళలో చిల్లంగి అనుమానంతో మనుషుల్ని నిజంగానే కొట్టి చంపారు. అది తెలిసుండీ నవ్వు కోసం ఒక ముసలమ్మని అనుమానం పక్కన నిలబెట్టలేను. మా సినిమాలో దెయ్యం వల్ల ఏ మనిషి మీదా నింద పడదు. ఇది టీములో అందరికీ చెప్పాను.

మొదటి రాత్రి

మిల్లు తలుపు తీయగానే ఊక వాసన. మూతబడి ఏళ్ళయినా పోలేదు. ఎలివేటరు బెల్టులు తెగి వేలాడుతున్నాయి, తూకపు కాటా మీద పావురాలు కాపురం పెట్టాయి. కాటా గదిలో గుమాస్తా బల్ల ఒకటి, మూత పైకి లేపే రకం, ఇంకా గట్టిగానే ఉంది. సెట్టు వేసినా ఇంత బాగా రాదు.

మొదట సాంబ్రాణి పొగ అనుకున్నాం. ఒకప్పుడు ఇదే మిల్లులో పనిచేసిన పెద్దాయన వెంటనే వద్దన్నారు. మూసిన గదిలో సన్నటి ఊక దుమ్ము గాల్లోకి లేస్తే, నిప్పురవ్వ ఒక్కటి చాలు, భగ్గుమంటుంది. డ్రై ఐస్ మాట కూడా వచ్చింది. అది మైనస్ 78 డిగ్రీల చలిలో గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, కిటికీల్లేని గదిలో ఊపిరాడదు. అదీ వద్దనుకున్నాం. ధనుర్మాసం కదా, తెల్లవారుజామున నాలుగున్నరకి మిల్లు వాకిట్లో మంచు దానంతటదే దిగుతుంది. వాకిట్లో లారీకి బస్తాలెక్కించే సీన్లన్నీ ఆ వేళకి మార్చేశాను.

ఈ రాత్రి తీసిన ఫుటేజ్ మాత్రం అంతా పోయింది. పాత ట్యూబులైట్ల కింద తీశాం. పొద్దున్న లాప్‌టాప్‌లో చూస్తే ప్రతి షాటులోనూ నల్లటి అడ్డపట్టీలు పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంది. మా కెమెరా తమ్ముడు షట్టర్‌ని 1/60 దగ్గర వదిలేశాడు. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే పట్టీలు పోయాయి. ఒక రాత్రి నష్టం. వాడు రోజంతా అన్నం ముట్టలేదు. నేనూ చూసుకోవాల్సిన విషయమే అది, తప్పు వాడొక్కడిదే కాదని కూర్చోబెట్టి తినిపించాను.

రెండో రాత్రి

గుమాస్తాగా వేస్తున్న మేష్టారు పద్యనాటకాల మనిషి. వయసు డెబ్బై దాటింది, గొంతు మాత్రం ఇంకా రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. ఈరోజు రిహార్సల్లో దెయ్యంగా కళ్ళు పెద్దవి చేసి, చేతులు వణికించి, మధ్యలో ఒక చమత్కారం కూడా వేశారు. అందరూ నవ్వారు. నాకెందుకో మనసొప్పలేదు.

"మేష్టారూ, ఆయనకి తను పోయిన సంగతి పెద్ద విషయం కాదండి. లెక్క తెగకపోవడమే పెద్ద విషయం. మీరు నవ్వించొద్దు, భయపెట్టొద్దు. లెక్క చూసుకోండి చాలు" అన్నాను.

ఆయన కాసేపు బల్ల దగ్గర మౌనంగా కూర్చున్నారు. తర్వాత మళ్ళీ చేశారు. వాచ్‌మన్‌గా చేస్తున్న మా బావ స్క్రిప్టులో ఉన్నదే అడిగాడు:

"బాబూ, నువ్వు సచ్చిపోనావు గదా, ఇంకా డూటీ ఏటి?"

మేష్టారు తలెత్తకుండా, వేలితో అంకె మీద అంకె దాటుతూ, "సచ్చిపోతే లెక్క వదిలేత్తారేట్రా?" అన్నారు.

నవ్వు ఆపుకోలేక సౌండ్ చెల్లి మైకు కింద పెట్టేసింది. ఆ నవ్వులోనే ఒళ్ళు ఝల్లుమంది కూడా. అప్పుడే నా నోట్సులో మొదటి పేజీ మీద రాసుకున్నాను: దెయ్యం జోకు వెయ్యదు. ఈ నియమం చివరి వరకూ తప్పకూడదు.

యాస విషయం కూడా ఈ రాత్రే తేలిపోయింది. అందరి మాటా మన మాటే. లేదుని నేదు అనేవాళ్ళు నేదు అనే అంటారు. ఇక్కడి మిల్లు వాచ్‌మన్ పుస్తకంలా మాట్లాడితే దెయ్యాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మూడో రాత్రి, నాలుగో రాత్రి

ఈ రెండు రాత్రులూ అద్దానికే సరిపోయాయి. వివరంగా రాసి పెట్టుకుంటున్నాను, ఇలాంటి సినిమా తీసే ఇంకెవరికైనా పనికొస్తుంది.

దెయ్యాన్ని కంప్యూటర్లో పెట్టడానికి మా దగ్గర డబ్బు లేదు. ఉన్నా పెట్టేదాన్ని కాదేమో. కెమెరా ముందే దెయ్యం కనిపించే పాత పద్ధతి ఒకటుంది. హెన్రీ డర్క్స్ అనే ఆయన ఆలోచనని జాన్ హెన్రీ పెప్పర్ 1862లో లండన్‌లో వేదిక మీదకి తెచ్చి చూపించాడు. ప్రేక్షకుడికీ వేదికకీ మధ్య పెద్ద అద్దం ఏటవాలుగా ఉంటుంది. అది కనబడదు. పక్కన దాచిన మనిషి మీద వెలుగు వేస్తే, ఆ మనిషి నీడలాంటి రూపం వేదిక మీద తేలుతుంది. రాత్రి బస్సులో కిటికీ బయట చీకట్లో మన మొహమే కనబడుతుంది చూడండి, అదే ఇది.

మేం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 5 మిల్లీమీటర్ల సాదా అద్దం తెచ్చాం. ఒక్కటే దాదాపు 28 కిలోలు ఉంటుంది. నెల్లిమర్ల నుంచి ఆటోలో నిలబెట్టి, రెండు పక్కలా గోనె సంచులు చుట్టి, నడిచే వేగంతో తీసుకొచ్చారు. దాన్ని కెమెరా ముందు 45 డిగ్రీల కోణంలో చెక్క ఫ్రేముకి బిగించాం. అద్దం వెనక కాటా గది, అందులో ఖాళీ స్టూలు. కెమెరాకి పక్కగా, ఫ్రేములో పడకుండా, నల్ల గుడ్డ ముందు మేష్టారు. అద్దం నుంచి స్టూలు తొమ్మిదడుగులుంటే మేష్టారూ అద్దానికి సరిగ్గా తొమ్మిదడుగుల్లోనే కూర్చోవాలి. అడుగు తేడా వస్తే దెయ్యం స్టూలు మీద కాకుండా గాల్లో కూర్చుంటుంది. టేపుతో కొలిచి సుద్దముక్కతో గీతలు గీశాం.

మొదట ఏమీ కనబడలేదు. సాదా అద్దం ఆ కోణంలో పడిన వెలుగులో పదో వంతు మాత్రమే తిప్పి కొడుతుంది, మిగతాది లోపలికి దాటిపోతుంది. అంటే గదిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు వెలుగు మేష్టారి మీద ఉండాలి. గదిలో ఒక్క చిన్న బల్బు వదిలి అన్నీ తీసేశాం, ఎల్ఈడీ ప్యానెళ్ళు రెండూ ఆయన వైపు తిప్పాం. తెల్ల పంచె, తెల్ల కోటు, తలపాగా. మానిటర్లో ఒక్కసారిగా ఖాళీ స్టూలు మీద మనిషి కూర్చుని ఉన్నాడు, ఆయన ఒంటిలోంచి వెనక గోడ పగుళ్ళు కనబడుతున్నాయి. కెమెరా తమ్ముడు "అక్కా" అని మాత్రం అని ఆగిపోయాడు. మిగతా వాళ్ళం మాట్లాడలేదు.

దెయ్యం అంచులు రెండేసి కనబడ్డాయి. అద్దానికి ముందు తలం ఒక రూపం ఇస్తుంది, వెనక తలం ఇంకోటి. దూరం షాట్లలో ఆ వణుకు బాగుంది, వదిలేశాను. దగ్గర షాట్లకి 3 మిల్లీమీటర్ల చిన్న అద్దం వాడాం.

నాలుగో రాత్రి రెండింటికి అసలు విషయం బయటపడింది. రషెస్, అంటే అప్పటిదాకా తీసిన ఫుటేజ్, చూస్తుంటే గుమాస్తా ఎడమచేత్తో రాస్తున్నాడు. మేష్టారిది కుడిచేతి వాటమే, కానీ అద్దంలో చూసుకుంటే ఎడమే కదా. కోటు బొత్తాలూ తిరగబడ్డాయి, పుస్తకంలో అక్షరాలూ తిరగబడ్డాయి. ఎడిటింగులో ఫ్రేము తిప్పేద్దామంటే గది మొత్తం తిరగబడి వాచ్‌మన్ షాట్లతో కలవదు.

సరిదిద్దాలని గంట ఆలోచించాక సరిదిద్దకూడదనిపించింది. ఇంటికి వెళ్ళి తెల్లారేవరకూ రెండు సీన్లు తిరగరాశాను. కథలో దొంగలు తమ మనిషికే గుమాస్తా వేషం వేసి తిప్పుతారు. గోడ మీద ఫొటోలో గుమాస్తా కుడిచేత్తో కలం పట్టుకుని ఉంటాడు కాబట్టి వేషగాడూ కుడిచేత్తోనే రాస్తాడు. వాచ్‌మన్‌కి మాత్రం తెలుసు, అసలు దెయ్యం ఎడమచేత్తో రాస్తాడని. ఏది నిజం దెయ్యమో పట్టించేది ఆ చెయ్యే. తిరగబడిన అక్షరాలు కూడా ఉంచేశాను. ఏ రాత్రి ఎన్ని బస్తాలొచ్చాయి, ఏ లారీలో పోయాయి అని గుమాస్తా రాసుకున్న చిట్టాని కొత్తగా వచ్చిన వీఆర్వో అమ్మాయి చేతి అద్దం పెట్టి చదువుతుంది. దొంగతనానికి సాక్ష్యం ఆ చిట్టాయే.

డబ్బుల్లేక తెచ్చుకున్న అద్దం మా కథకి చిక్కుముడినీ ఇచ్చింది, దాన్ని విప్పే దారినీ ఇచ్చింది.

ఐదో రాత్రి

వాన. షూటింగు లేదు. అద్దం తడవకుండా కాపలా కాశాం.

ఆరో రాత్రి

బస్తాలు మోసే సీను. అరవై గోనె సంచుల్లో ఊక నింపాం. ఊక బస్తా పది కిలోలు కూడా తూగదు. మా కుర్రాళ్ళు దిండ్లు మోసినట్టు మోసుకుంటూ పోయారు. కెమెరాకి అబద్ధం ఇట్టే దొరికిపోయింది.

ఊళ్ళోని కళాసీని పిలిచాం. ఆయన ఇప్పటికీ ఎఫ్‌సీఐ గొడౌన్ల దగ్గర లోడింగుకి వెళ్తారు. 50 కిలోల బస్తా ఎత్తేటప్పుడు మెడ ఎటు వంగుతుంది, ముందు ఏ కాలు కదులుతుంది, బస్తా దించాక మనిషి ఒక్క క్షణం ఎందుకు నిటారుగా నిలబడలేడు, అన్నీ చేసి చూపించారు. దగ్గర షాట్లకి ఐదు బస్తాల్లో నిజమైన బియ్యమే పోశాం. ఒక్కొక్కరూ రెండేసి బస్తాలు మోసేసరికి ఊపిరి శబ్దమే మారిపోయింది. దొంగతనం సీనుకి ఆ ఊపిరే నేపథ్య సంగీతం.

గోనె సంచి గురించి ఒక మాట. నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు. మన జిల్లాల్లో గోగునార పండించిన తరాలున్నాయి. సంచి అంచు కుట్టు చూసి అది పాతదో కొత్తదో చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. అందుకే కథలో గుమాస్తా వేలితో కుట్టు తడిమి "ఇది మన సంచి కాదు" అని పసిగడతాడు. ఆ మాట దగ్గర ఎవరూ నవ్వనవసరం లేదు. ఆ ఒక్క చోట ఆయన పనివాడిగా మాత్రమే కనబడాలి.

ఏడో రాత్రి

శబ్దం. భయం ఎక్కడినుంచి వస్తుందో వెతుకుతూ చాలా చదివాను. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు, టోనీ లారెన్స్‌తో కలిసి ఒక వ్యాసం రాశాడు. ఆయన పనిచేసే ల్యాబులో అందరికీ ఏదో ఉన్నట్టు అనిపించేది, ఆయనకీ కంటి చివర బూడిదరంగు ఆకారం ఏదో కనబడింది. వెతికితే తేలింది ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. దాని వల్ల గదిలో దాదాపు 19 హెర్ట్జ్ తరంగం నిలబడిపోయింది. చెవికి వినబడనంత తక్కువ, ఒంటికి మాత్రం తెలుస్తుంది.

మా మిల్లులోనూ పెద్ద ఫ్యాను ఉంది. సినిమాలో అలాంటి శబ్దం పెడదామని సౌండ్ చెల్లి ఉత్సాహపడింది. కానీ మా సినిమా చూసేవాళ్ళలో చాలామంది ఫోన్లో చూస్తారు. ఫోను స్పీకరు అంత లోతు శబ్దాన్ని పలకనే పలకదు. మాకు కావాల్సింది ఫోన్లో కూడా పలికే భయం.

అది జముకు దగ్గర దొరికింది. మన వైపు జముకుల కథ విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక వైపు చర్మం మూసిన బుర్ర, ఆ చర్మం మధ్యనుంచి తీగ. తీగ బిగించి మీటితే శబ్దం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. మనిషి ప్రశ్న అడిగినట్టుంటుంది. కథలు చెప్పే ఒక పెద్దాయన మిల్లుకే వచ్చి రెండు గంటలు వాయించారు. "లెక్క కుదర్నేదు" అన్న చోట తీగ కాస్త జారిస్తే జాలి, గట్టిగా బిగిస్తే గుండె ఆగినంత పని. ఒకే వాయిద్యంతో నవ్వూ భయమూ రెండూ వస్తాయని ఆయన చేతుల్లో చూశాను. ఆయనకి ఇవ్వాల్సింది ఆ రాత్రే చేతికి ఇచ్చాం. టైటిల్స్‌లో ఆయన పేరు నా పేరుకంటే ముందు ఉంటుంది.

ఎనిమిది, తొమ్మిది రాత్రులు

లారీని వెంటాడడం, చెరువు గట్టు. సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు కుంకుతుంది, ఆ తర్వాత ఇరవై నిమిషాలే నీలం వెలుగు ఉంటుంది. రోజుకి నాలుగు షాట్ల కంటే ఎక్కువ రాలేదు. అనుకున్నట్టే వచ్చాయి, ఇంతకంటే రాయడానికేం లేదు.

పదో రాత్రి

చిత్రీకరణ దాదాపు అయిపోయింది. ఉన్నంతవరకు అతికించి మిల్లు వాకిట్లోనే గోడకి పంచె కట్టి వేశాం. కళాసీలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, పిల్లలు వచ్చారు. నేను తెర వైపు చూడలేదు, మొహాలే చూశాను.

వేషగాడు తలుపు వెనక నుంచి దూకే సీనులో భయపడతారనుకున్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. మేష్టారు కేవలం పేజీ తిప్పే సీనులో ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ కొంగులో దూరింది. నవ్వు పడుతుందనుకున్న రెండు డైలాగులకి ఎవరూ నవ్వలేదు, రేపు తీసేస్తాను.

తర్వాత గుమాస్తా లెక్క సీను వచ్చింది. ఆయన లెక్క మణుగుల్లో ఉంటుంది. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక పుట్టి. కొత్త తూకాల చట్టం 1956లో వచ్చింది, కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. కథలో ఆయన ఆ మార్పు మధ్యలోనే పోయాడు. కిలో అంటే ఏమిటో ఆయనకి తెలియదు. ఇప్పుడు ఆయన ముందున్నవన్నీ 50 కిలోల బస్తాలు. ఒక్కొక్కటి నాలుగు మణుగులా మూడు వీశెల పైచిలుకు. ఆ పైచిలుకు దగ్గరే ప్రతి రాత్రీ ఆగిపోతాడు. దొంగలు బస్తాలు కదపని రాత్రి కూడా ఆయన లెక్క తెగదు. మేష్టారు ఆ సీనులో ఒకే అంకెని ఐదుసార్లు కొట్టేసి, ఆరోసారి కలం కింద పెట్టి, "నానేటి సెయ్యాలి?" అంటారు.

అంతా నిశ్శబ్దం. వెనక వరసలో ఒకామె, రోజంతా పొలం పనికి పోయి వచ్చినట్టుంది, గట్టిగానే అంది: "పాపం, ఆ ముసలాయనకి కేజీలు ఎవులైనా నేర్పండమ్మా."

క్లైమాక్సు అదే. వీఆర్వో అమ్మాయి లారీ పట్టించేశాక మళ్ళీ ఒంటరిగా మిల్లుకొచ్చి, గుమాస్తా ఎదుట కూర్చుని, మణుగుకి ఎన్ని కిలోలో మెల్లగా చెప్తుంది. ఆ సీను మేం ఇంకా తీయలేదు. వెనక వరసలో ఆ మాట అన్నామెకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

పదకొండో రాత్రి

ఆ సీనే. అద్దం ఇవతల మేష్టారు, అవతల గదిలో ఖాళీ స్టూలు ఎదుట అమ్మాయి. ఆమెకి ఆయన కనబడరు. ఎటు చూడాలో తెలియడానికి స్టూలు మీద తలెత్తులో దారానికి ఒక ధాన్యపు గింజ కట్టాం. ఆమె ఆ గింజతోనే మాట్లాడింది.

"తాతగారూ, ఒక మణుగంటే మా లెక్కలో పదకొండు కిలోల మూడొందల నలభై గ్రాములు. ఇక్కడినుంచి మొదలెడదాం."

మేష్టారు ఎడమచేత్తో, అంటే కుడిచేత్తో, రాయడం మొదలుపెట్టారు. స్క్రిప్టులో లేకపోయినా ఆయన మధ్యలో ఆగి, "మళ్ళీ సెప్పమ్మా" అన్నారు. అమ్మాయి ఏమాత్రం తడబడకుండా మళ్ళీ చెప్పింది. కట్ చెప్పడానికి నాకు గొంతు రాలేదు, కెమెరా నడుస్తూనే ఉంది. ఆయన చివరి అంకె కింద రెండు గీతలు గీసి పుస్తకం మూసేవరకు వదిలేశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. ఒకే టేకు. కత్తిరించను.

తెల్లవారుజామున అద్దం విప్పి గోనె సంచుల్లో చుట్టాం. రేపు సాయంత్రం డబ్బింగు మొదలు. ముందు మేష్టారి గొంతు, తర్వాత మా బావది. జముకు పెద్దాయన ఆదివారం వస్తానన్నారు.